ఈగ తరఫు మాస్టారు

తేనెటీగ మనిషిని కుడితే, మా ఐజాక్ మాస్టారు ఈగ కోసం బాధపడతారు.

సైన్సు టీచరుగా రిటైరై కడియంలో మా నర్సరీ పక్కనే తనూ ఒకటి పెట్టారాయన. మొక్కల మధ్య తేనెటీగల పెట్టెలు కూడా పెట్టారు. ఎవరైనా “అమ్మో” అనడం ఆలస్యం, వచ్చి వాలిపోతారు. గోటితో ముల్లు పక్కకి గీరేస్తూనే తగువు మొదలెడతారు.

నా చెవి మీద కుట్టినప్పుడూ అంతే.

“ఏం చేశారండి దాన్ని?”

“నేనేం చేశానండీ! మందార కుండీ జరిపానంతే!”

“సెంటు కొట్టుకున్నారా?”

“పెళ్లికెళ్లొచ్చానండి!”

“చూశారా! పెళ్లి మీది, చావు దానిది. దాని ముల్లుకి వెనక్కి తిరిగిన పళ్లుంటాయండి. మీ చర్మంలో దిగితే ఇక ఊడిరాదు. పొట్ట చీలి చస్తుంది పాపం. మీకేం, రేపటికి వాపు తగ్గిపోతుంది. దానికి రేపుందా?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఎడాపెడా తిట్టేశాను. ఆయన నా మొహంలోకి పరీక్షగా చూసి, హాయిగా నవ్వుకుంటూ వెళ్లిపోయారు. కూలీలు, లారీ డ్రైవర్లు అందరూ ఇలా తిట్టినవాళ్లే. అబ్బ, ఏం ఓపికండీ ఆయనది!

మొన్న మా దగ్గర కొత్తగా పనికి చేరిన వినీలను మెడ మీద కుట్టింది. మాస్టారు ముల్లు గీరేశారు.

“ఏం చేశావమ్మా దాన్ని?”

ఆ అమ్మాయి పలకలేదు.

“నిన్నేనమ్మా! అన్యాయంగా చంపేశావు కదా!”

వినీల నోరు తెరిచింది. మాట రాలేదు. పెదాలు ఉబ్బిపోతున్నాయి.

మాస్టారు కింద పడ్డ ఈగ వైపు చూడనైనా లేదు. “కారు తియ్యండి! పిల్లకి ఊపిరందట్లేదు!” అని అరిచారు. దారిలోనే రాజమండ్రి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచమన్నారు. డాక్టర్లు గుమ్మంలోనే అందుకున్నారు. పిల్ల గండం గడిచిందని వాళ్లు చెప్పేదాకా ఆయన కూర్చోలేదు.

“మీకంత తొందరగా ఎలా తెలిసిందండి?” అనడిగాను.

“తిరిగి తిట్టలేదు కదండి! ఆ విషం ఎవరికి పడదో మొహం మీద రాసుండదు. ‘ఎలా ఉంది’ అనడిగితే మనవాళ్లు పరవాలేదనేస్తారు. అదే తగువు పెట్టుకుంటే గొంతు, ఊపిరి అన్నీ తెలిసిపోతాయి. ఆ రోజు మీ తిట్లు వింటే మనసు కుదుటపడిందండి.”

“అయితే ఈగ మీద ఆ జాలంతా ఉత్తిదేనా?”

“అదేంటండి! నిజంగా జాలి లేకపోతే మీకంత కోపం తెప్పించగలనా?”

ఇంతలో లోపలినుంచి వినీల గొంతు బొంగురుగా వినిపించింది. “మాస్టారెక్కడండి? కుట్టించుకున్నది నేనైతే, నేను చంపానంటారా? రమ్మనండి లోపలికి, చెప్తాను ఆయన పని!”

మాస్టారు కళ్లు తుడుచుకుని, తిట్లు తినడానికి లోపలికి పరుగెత్తారు.