రెండు డబ్బాల కందులు

ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు: నాలుగో నెల గర్భంతో మా అక్క, ఆమె అత్తగారు, నేను. ఉన్న వస్తువులు: ఒకే రకం స్టీలు డబ్బాలు రెండు, కిలో కందులు, వంటింటి డిజిటల్ త్రాసు. దయ్యం లేదు. అలాంటివి ఉన్నాయనేవాళ్ల మీద నాకు జాలి కూడా ఉండేది కాదు.

తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. తూకం నా వృత్తి. అక్కకు కవలలని తెలిశాక, బంట్వారం నుంచి వచ్చిన అత్తగారు వాళ్లింటి ఆచారం చెప్పింది. ఇద్దరి పేర సమానంగా కందులు పోసి మూసిపెట్టాలి, కాన్పయ్యాక కలిపి వండాలి.

"నువ్వే తూకమెయ్ అల్లుడా. సదువుకున్నోనివి, రేపు మమ్ముల అనొద్దు."

"కందులే పిల్లల్ని కాపాడితే స్కానింగెందుకు అత్తమ్మా? గీ డబ్బాలకే తీపిద్దాం" అన్నాను. అక్క నవ్వింది.

చెరో 500 గ్రాములు. మూతలకు టేపు వేసి, టేపు మీద సంతకం చేశాను. త్రాసు తేడా ఒక గ్రాముకు మించదు.

నేను నమ్మింది తాండూరు స్కానింగ్ రిపోర్టును. రంగు ఫైలు, నున్నటి కాగితం, ఒకే వాక్యం: ఇద్దరూ బాగున్నారు.

నెల తర్వాత ఒక డబ్బా తేలికైందని అత్తమ్మ పోరు పెట్టింది. ఆమె నోరు మూయించడానికే తూచాను. డబ్బా బరువు తీసేస్తే 412. రెండోది 588. టేపు చెదరలేదు. సంతకం నాదే. ల్యాబు తూకపు రాళ్లు తెచ్చి చూశాను. త్రాసులో తప్పు లేదు.

"ఒకరిది ఒకరు గుంజుకుంటున్రేమోరా" అని అక్క ఏడుపు. ఆ మూఢత్వానికి సిగ్గుపడుతూనే మర్నాడు అక్కను వికారాబాద్‌లో ఇంకో డాక్టరమ్మకు చూపించాను.

ఆమె తెర చూసింది, పాత రిపోర్టు చూసింది, ఫైలును బల్ల మీద పడేసింది.

"కడుపులో ఇద్దరికీ మాయ ఒక్కటే. గా ముచ్చట రాయలే. రెండు వారాలకోసారి చూడాలనీ చెప్పలే. మరేం చూసిన్రు గీళ్లు, ఫొటోలా?"

ఒక శిశువు రక్తం రెండో శిశువుకు పోతోంది. ఒకరి చుట్టూ ఉమ్మనీరు దాదాపు లేదు, ఇంకొకరి చుట్టూ పొంగుతోంది. ఇంకో వారం ఆగితే ఇద్దరూ దక్కకపోవచ్చంది. అదే రోజు హైదరాబాద్ పంపింది. అక్కడ లేజరుతో ఇద్దరినీ కలిపే రక్తనాళాలు మూసేశారు.

పిల్లలు నెలలు నిండకుండానే పుట్టారు. బతికారు.

ఆ రిపోర్టు రాసిన మనిషంటే నాకు అసహ్యం. దాన్ని రెండుసార్లు చదివి, అందులో ఏం లేదో గమనించని నా చదువంటే అంతకన్నా ఎక్కువ.

డబ్బాల సంగతి ఇప్పటికీ తేల్చలేకపోయాను. ఎలుక, తేమ, ఎవరిదైనా చిలిపితనం, అన్నీ ఆలోచించాను. ఏదైనా సరే, మొత్తం కిలోలో ఒక్క గ్రాము తగ్గలేదు.

ఆ కందులు నేనే వండనివ్వలేదు. టేపు అలాగే ఉంది. పిల్లలకు ఏడాది నిండిన రోజు మళ్లీ తూచాను.

499, 501.