కొక్కెం దించిన రోజు

మా బావ లారీని భుజంతో ఎత్తి పట్టుకున్న సంగతి మీరు వినే ఉంటారు. వినకపోతే అది మీ తప్పు, నేను చెప్పని మనిషి లేడు. జాకీ కనబడలేదని వెనక చక్రం దగ్గర భుజం పెట్టి నిలబడ్డాడు. డ్రైవరు టైరు మార్చాడు, చేతులు కడుక్కున్నాడు, టీ తాగి వచ్చాడు. అంతసేపూ బావ నోట్లో సిగరెట్టు ఆరలేదు. ఇందులో సిగరెట్టు మాత్రం పక్కా నిజం.

నేను ఏడో తరగతి సగంలో మానేశాను. ఆ దిగులుతో ఆ బడి కూడా ఎక్కువ కాలం బతకలేదు. గోడౌన్ల గేటు దగ్గర కాటా చూడ్డం నా పని. లారీ మలుపు తిరిగే చప్పుడు విని బరువు చెప్పేస్తాను. యంత్రం నాతో ఏకీభవించకపోతే యంత్రాన్నే రిపేరుకి పంపిస్తారు.

బావ ఆ గోడౌన్లలో ముఠా మనిషి. లారీల నుంచి బస్తాలు దించడం, ఎక్కించడం. అందరూ క్రేన్ అనేవారు, అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ముఠాకి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే షెడ్డులో మేస్త్రీ ఒక్కొక్కరి ముఖం చూసి, "ఎత్తుతావా?" అని అడుగుతాడు. "ఎత్తుతా" అనాలి. "చూద్దాంలే" అన్నా, నడుం పట్టుకుని నసిగినా ఆ పూట ఇంటికే. సరైన జవాబు చెప్పినవాడు గోడకి తన మేకు మీదున్న కొక్కెం తీసుకుని పనిలోకి దిగుతాడు. చెక్క పిడి ఉన్న ఇనప కొక్కెం, బస్తా మూలకి గుచ్చి లాగడానికి. మనిషి జబ్బుపడినా, ఊరెళ్ళినా కొక్కెం అక్కడే ఉంటుంది, చోటూ ఉంటుంది. అందరి ఎదుటా నిలబడి తన నోటితో "ఎత్తలేను" అన్న రోజునే దాన్ని దించుతారు.

బావ జీవితంలో ఆ మాట అనలేదు. ఒళ్ళు కాలిపోతున్నా ఎత్తుతా అనేవాడు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు, "మా పిల్లని సుఖంగా చూసుకుంటావా?" అని మా నాన్న అడిగితే కూడా "ఎత్తుతా" అన్నాడని నేను చెబుతుంటాను. అక్క ఇంతవరకూ కాదనలేదు.

వాన పడిన ఒక ఉదయం లారీకీ అరుగుకీ మధ్య వేసిన పలక జారింది. బస్తాతో పాటు బావ కిందికి పోయాడు. బస్తా చిరగలేదు. బావ వెన్నులో పూస పక్కకి జరిగి నరాన్ని నొక్కేసింది. ఎడమ కాలు ఉందో లేదో చేత్తో తడిమితే గానీ తెలియదు. మంచం మీద లేచి కూర్చోడానికి కిటికీ ఊచకి తాడు కట్టాం. చెప్పులు తొడగాలంటే అక్క కింద కూర్చోవాలి.

అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. మధ్యాహ్నం అందరూ తిండికి కూర్చుంటే తను పరుగున ఇంటికొచ్చి, బావని మరుగుదొడ్డికి తీసుకెళ్ళి, మళ్ళీ పరుగున పోతుంది. ఈ పరుగులు ఇక కుదరవని సూపర్‌వైజరు హెచ్చరించింది. వైకల్య భృతి వస్తే ఒక్క పూట పనే ఒప్పుకుని మిగతా పూట ఇంట్లో ఉండాలని అక్క లెక్క. మాకున్న లెక్క అదొక్కటే.

ఆ భృతి కోసం చేసే వైద్య పరీక్ష రోజున బావతో లోపలికి వెళ్ళింది నేనే. డాక్టరు మంచివాడిలాగే ఉన్నాడు. నడవమన్నాడు, బావ పళ్ళు బిగించి నడిచాడు. ఆయన కాగితం వైపు చూస్తూ మామూలుగా అడిగాడు.

"పది కిలోలు ఎత్తగలరా?"

బావ వెన్ను నిటారుగా నిలిపాడు. ఆ సత్తువ ఎక్కడి నుంచి తెచ్చాడో తెలియదు.

"పదేంటండీ, ఎంతైనా పెట్టండి. ఎత్తుతా."

నేను దగ్గాను, కాలు తొక్కాను. తొక్కింది ఎడమ కాలు. ఏం లాభం.

తర్వాత ఉత్తరం వచ్చింది. తగినంత వైకల్యం లేదు, బరువులు ఎత్తగలనని దరఖాస్తుదారు స్వయంగా తెలిపారు. ఒప్పుకోకపోతే నెలలోగా అప్పీలు చేసుకోవచ్చు. ఇక పని చేయలేడని పనిచేసిన చోటి నుంచి పత్రం తేవాలి, మళ్ళీ వచ్చి బోర్డు ముందు కూర్చోవాలి.

అక్క రెండుసార్లు చదివించుకుంది.

"ఏమయ్యా, అంత పెద్దమాట ఎలా వచ్చింది నీ నోట?"

"అడిగాడు, చెప్పాను."

"నిన్న నీళ్ళ గ్లాసు అందుకోలేకపోయావు కదా."

"గ్లాసు సంగతి ఆయన అడగలేదు."

"నేను సాక్ష్యం చెబుతా అక్కా," అన్నాను.

"నువ్వుండరా నాయనా. నువ్వు సాక్ష్యం చెబితే మీ బావకి పుట్టుకతోనే నడుం లేదనుకుంటారు."

మేస్త్రీని పత్రం అడిగితే తల అడ్డంగా ఊపాడు. "కొక్కెం మేకు మీద ఉండగా ఎత్తలేడని నేనెలా రాసేది? వచ్చి ఒక్కమాట చెప్పమను. రాసిస్తా." ఆ మనిషిలో చెడ్డతనం లేదు, నా చెయ్యి పట్టుకునే చెప్పాడు.

అప్పీలు వద్దన్నాడు బావ. "వచ్చేది ఎలాగూ రాదు. కొక్కెమైనా ఉండనీ."

"అది నిన్ను మంచం మీది నుంచి లేపుతుందా?" అంది అక్క.

"నీకు తెలీదులే."

"నాకు తెలీదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు."

అయినా నేను డాక్టరునై బావకి తర్ఫీదు ఇచ్చాను. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను, ఆ ఊపు చూస్తే నిజం డాక్టర్లు ఉద్యోగం మానేస్తారు.

"పది కిలోలు ఎత్తగలరా?"

"ఎత్త... ఎత్తుతా."

"బావా."

"వచ్చేస్తుందిరా బామ్మర్దీ. ఏం చెయ్యను?"

"సరే. ఈ అగ్గిపెట్టె ఎత్తగలరా?"

"ఎత్తుతా."

అక్క నవ్వింది. ఉత్తరం వచ్చాక నవ్వడం అదే మొదలు. తర్వాత లేచి వంటింట్లోకి పోయింది, చాలాసేపు బయటికి రాలేదు.

గడువు దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు అక్కని కదలనివ్వలేదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి బావ మంచం పక్కన నేల మీద ఉన్నాడు. పక్క తడిసి ఉంది. తడిసిన దుప్పటిని మంచం కిందికి తోసెయ్యాలని చూసినట్టున్నాడు, సగంలో జారి పడిపోయాడు. తాడు ఇంకా ఊగుతోంది. నేను హాస్యమాడాలని నోరు తెరిచాను. ఏదీ రాలేదు. నాకు అలా జరగడం మీరు ఎక్కడా విని ఉండరు.

అక్క వచ్చి దుప్పటి మార్చింది. రోజంతా దుప్పట్లు ఉతికి వచ్చిన చేతులు.

మర్నాడు పొద్దున్న, "చెప్పులు తొడుగు, షెడ్డుకి పోవాలి," అన్నాడు బావ. అక్క కింద కూర్చుని తొడిగింది.

షెడ్డులో అందరూ ఉన్నారు. బావ నా భుజం వదిలి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేస్త్రీ పద్ధతి ప్రకారం ముఖంలోకి చూశాడు.

"ఎత్తుతావా?"

బావ పెదవులు పాత దారిలోనే కదిలాయి. "ఎత్తు" అన్నంతవరకూ నాకు వినబడింది. అందరూ తలలు దించుకున్నారు.

"ఎత్తలేను," అన్నాడు.

మేస్త్రీ కొక్కెం దించాడు. పిడి నల్లగా, నున్నగా ఉంది, ఇనుము మాత్రం తుప్పు పట్టింది. గోడ మీద దాని ఆకారంలో సున్నం తెల్లగా మిగిలింది. "క్రేన్ పోయింది, ఇక చేతులతోనే చేసుకోవాలి," అన్నాడు ఒకడు వెనక నుంచి. నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ పత్రం మీద సంతకం చేసి, "మళ్ళీ రా, టీ తాగుదాం," అన్నాడు. కొక్కెం దించాక టీ తాగడానికి ఎవరూ తిరిగి రారని ఆ షెడ్డులో అందరికీ తెలుసు.

అటు నుంచి అటే అప్పీలు ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళాం. అక్క సెలవు పెట్టి అక్కడికే వచ్చింది. గుమాస్తా కాగితాలన్నీ చూసి ముద్ర వేశాడు.

"తీసుకున్నాను గానీ ఆశ పెట్టుకోకండమ్మా. ఇక్కడికొచ్చాక మారేవి తక్కువ. పిలుస్తారు. మళ్ళీ అవే ప్రశ్నలు."

"ఈసారి సరిగ్గా చెబుతాడు," అంది అక్క.

"చెప్పనివ్వండి," అన్నాడు గుమాస్తా, తర్వాతి మనిషి కాగితం అందుకుంటూ.

బస్సులో బావకి సీటు దొరికింది. అక్క పక్కన కూర్చుంది, నేను నిలబడ్డాను. రెండు స్టాపుల తర్వాత ఒక పెద్దావిడ ఎక్కింది, చేతిలో సంచి, అంత పెద్దదేం కాదు. పైన అరకి అందక అటూ ఇటూ చూసి, బావ భుజాలు చూసి, ఆయన్నే అడిగింది.

"బాబూ, ఈ సంచి కాస్త పైన పెట్టగలవా?"

"ఇలా ఇవ్వమ్మా, ఎత్తుతా," అన్నాడు బావ.

చెయ్యి కూడా చాపాడు. అది సగంలోనే ఆగిపోతే నేను సంచి అందుకుని పైన పెట్టాను. పెద్దావిడ బావకే కృతజ్ఞతలు చెప్పింది.

అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు వచ్చేదాకా తిరగలేదు.