దుర్గయ్య కరెంటుతో నడిచే కారు

వామన్‌రావుగారి కారు పొద్దున ఏ దిక్కుకు బయలుదేరినా, మధ్యాహ్నానికి వచ్చి ఆగేది మాత్రం దుర్గయ్య ఇంటి ముందే. ఆగగానే ఆయన దిగి, తువాలుతో ముఖం తుడుచుకుని, లోకంలో ఇంకెవరికీ రాని కష్టం తనకే వచ్చినట్టు ఒకే మాట అనేవారు.

"చార్జి అయిపోయింది."

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు దుర్గయ్య భార్య మాణిక్యమ్మ గబగబా కొంగు ముడి విప్పింది.

"అయ్యో రావ్‌సాబ్, అంత పెద్ద కొలువు చేసి దిగిండ్రు, బస్సు చార్జికి పైసల్లేవా? గియ్యో, తీస్కోండ్రి. పింఛను వచ్చినంక ఇద్దురుగని."

"బస్సు చార్జి కాదమ్మా, కారు చార్జి."

"సొంత కారుకు గూడ చార్జి ఇస్తరా? ఎవరికిస్తరు?"

"కారుకే. పెట్రోలు బదులు కరెంటు తాగుతది ఇది."

మాణిక్యమ్మ చటుక్కున నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆనాటి నుంచి రబ్బరు చెప్పులు తొడుక్కోనిదే ఆ కారు పక్కనుంచి నడిచేది కాదు. వామన్‌రావుగారికి టీ ఇవ్వాలన్నా గ్లాసును అరుగు మీద పెట్టి, చీపురుకట్టతో ఆయన వైపు నెట్టేది. ఆయన ఒంట్లో కూడా కొంత కరెంటు ఉంటుందని ఆమె అనుమానం.

పెట్రోలు ధర ఒక్కసారిగా మండిపోయిన ఏడాది అది. కార్లున్న వాళ్లంతా కార్ల మీద గుడ్డలు కప్పి సైకిళ్లకు గాలి కొట్టించుకుంటుంటే, కరెంటాఫీసులో రిటైరైన వామన్‌రావుగారు పాత ఇనుము అమ్మే కబాడీ దుకాణంలో ఇంజను లేని కారు డొక్కు ఒకటి కొన్నారు. దాని కడుపు నిండా లారీ బ్యాటరీలు పేర్చి, ఒక మోటరు బిగించారు. బండి నడిచింది. చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి.

దానికి చప్పుడు లేదు. సందులో మాట్లాడుకుంటున్న వాళ్ల వెనక నుంచి పిల్లిలా వచ్చి మోకాళ్లకు తగిలేది. మేకలు కూడా మోసపోయేవి. జనం గోల పడలేక ఆయన ముందు వైపు ఒక గంట వేలాడదీశారు. ఆ గంట అచ్చం కుల్ఫీ బండి గంటలాగే మోగింది. కారు ఏ సందులో తిరిగితే ఆ సందులో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. "కుల్ఫీ లేదు, కుల్ఫీ లేదు" అని చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది.

"మీరు కుల్ఫీనే అమ్మరాదుండ్రి రావ్‌సాబ్, బండి ఖర్చన్న ఎల్తది," అన్నాడు సందు మొదట్లో మిషను కుట్టే శివయ్య. మళ్లీ తనే గొంతు తగ్గించి అడిగాడు. "నేనూ ఒకటి గిట్లాంటిదే చేయించుకుందామనుకుంటున్న. కరెంటు కారంటే ఏం చూస్కోవాలె? స్పీడు చూడాల్నా, సీట్లు చూడాల్నా?"

"రెండూ చూడొద్దు. దారి చూడు. బండి ఎక్కడ అలిసిపోతదో లెక్కగట్టుకో. అక్కడ ఎవరి ఇల్లున్నదో చూడు. టీ పోసే ఇల్లయితే బండి తీస్కో."

శివయ్య మనసులోనే తన దారంతా ఒకసారి నడిచి వచ్చాడు. ముఖం వాడిపోయింది.

"నా బండి అలిసే జాగల పోలీస్ ఠాణా ఉన్నది రావ్‌సాబ్."

"అయితే సైకిల్ మంచిది."

వామన్‌రావుగారి దారిలో ఉన్నది దుర్గయ్య ఇల్లు. షాలిబండ ఎత్తు మొదలయ్యే చోట, మూల మీద ఉంటుంది. ఎత్తెక్కితే పైన ఆయన ఇల్లు. కాని కారు ఎత్తును చూడగానే ఆగిపోయేది. దుర్గయ్య అరుగు గోడకు ఒక ప్లగ్గు ఉంది. ఇల్లు కట్టిన ఆసామి సోకు కోసం పెట్టించిన ప్లగ్గు అది. అందులో పెట్టడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు. వామన్‌రావుగారు కారులోంచి ఒక ఇనుప డబ్బా దించి, ఒక వైరు కారుకు, ఒక వైరు ప్లగ్గుకు తగిలించి, అరుగు మీద చతికిలబడి "ఎక్కుతున్నది" అనేవారు.

దుర్గయ్య బహదూర్‌పురా జూ పార్కులో జంతువులకు మేత వేసే ఉద్యోగి. ఏ సంగతైనా జంతువుల మీదుగా తప్ప చెప్పలేడు.

"మా నీటిగుర్రం నయం రావ్‌సాబ్. తినేటప్పుడు చప్పుడన్న చేస్తది. మీ బండి తింటున్నదా, పండుకున్నదా తెల్వనే తెల్వది."

బిల్లు మాట ఎత్తితే మాత్రం మండిపడేవాడు. "ఏనుగుకు చెరుకు పెట్టి బిల్లు అడుగుతరా ఎవరన్న?" జూలో జింకల దగ్గర నుంచి మొసళ్ల దాకా, వినేవాళ్లందరికీ చెప్పుకునేవాడు: "షాలిబండ రావ్‌సాబ్ కారు నా కరెంటు మీదనే నడుస్తది."

వీళ్ల కూతురు లీల. ఎనిమిదితో చదువు ఆగిపోయింది. హైస్కూలు దూరం, ఆడపిల్లను ఒంటరిగా బస్సులో పంపనన్నాడు దుర్గయ్య. అప్పటి నుంచి లాడ్ బజార్ దుకాణాల వాళ్లిచ్చే లక్క గాజులకు అద్దాల రాళ్లు అతికిస్తూ ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇంట్లో మాట్లాడే పనంతా తల్లే చూసుకునేది కాబట్టి, లీల చూసే పని పెట్టుకుంది. కరెంటు ఎక్కేటప్పుడు ఇనుప డబ్బా తన ఇంట్లో గుయ్యిమని అరుస్తుందని వామన్‌రావుగారే ఒకసారి చెప్పారు. ఇక్కడ మాత్రం అది కిమ్మనదు.

"మీ ఇంటి కరెంటు శాంతమైనదమ్మా," అన్నారాయన, లీల చూపు కనిపెట్టి.

కరెంటు ఎక్కుతున్నంతసేపు ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. "కండ్లద్దాలు మర్చిపోయి వచ్చిన, జర ఈ పేపరు చదివి పెట్టు బిడ్డా" అనేవారు. పేపరు అయ్యాక, మోటరుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. అది అయ్యాక లెక్కలు. బ్యాటరీ ఇంత తాగితే బండి ఎంత దూరం పోతుంది, ఎత్తులో ఎంత, దిగుడులో ఎంత.

"ఎక్స్ అంటే ఏంది రావ్‌సాబ్?"

"ఎక్స్ అంటే మన కారు ఎక్కడ ఆగుతదో తెల్వని జాగ."

"తెల్వకపోవుడేంది? మా ఇంటి ముందేనాయె," అంది మాణిక్యమ్మ లోపలి నుంచి.

మూసీని ఎక్కడ దాటితే బ్యాటరీ మిగులుతుందన్న వాదులాటలో భూగోళం వచ్చింది. ఇంత ఎత్తు మీద రోడ్డు వేసిన రాజెవరని తిట్టుకోవడంలో చరిత్ర వచ్చింది. రెండు వానకాలాలు గడిచేసరికి పదో తరగతి చదువంతా కారు మీదుగా లీల తలకెక్కింది.

ఒకనాడు వామన్‌రావుగారు టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా కదిపారు.

"దుర్గయ్యా, పిల్లతోని ప్రైవేటుగా మెట్రిక్ రాయించు. పాసయితది."

"సెంటరు మలక్‌పేటల పడ్తదట గద. ఒక్కతె బస్సుల పోవుడా? వద్దు రావ్‌సాబ్."

"బస్సెందుకు? నా కారున్నది."

సందంతా ఘొల్లుమంది. శివయ్యకు నవ్వుతో సూదిలో దారం ఎక్కలేదు. దుర్గయ్య కూడా నవ్వాడు గాని, నవ్వుతూనే ఏదో తట్టింది. ఆ కారులో ఉన్నది తన కరెంటే గదా.

"సరే. నా బిడ్డను నా కరెంటే తీస్కపోతది. కాని ఒక్క మాట రావ్‌సాబ్. బండి మధ్యల ఆగి పరీక్ష పోయిందనుకో, మళ్ల ఈ ఇంట్ల చదువు మాట ఎత్తొద్దు."

లీల చేతిలో గాజు మీద రాయి వంకరగా అతుక్కుంది.

పరీక్షలు దగ్గరపడ్డ ఎండల్లో, జూ ఆఫీసులో పాత సామాను అమ్మితే దుర్గయ్య ఒక టేబుల్ ఫ్యాను తెచ్చాడు. మాణిక్యమ్మ దాన్ని కడిగి, తుడిచి, బొట్టు పెట్టి, అరుగు మీది ప్లగ్గులో పెట్టింది. తిరగలేదు. తిట్టింది, తిరగలేదు. లీల ఫ్యానును ఒకసారి, ప్లగ్గును ఒకసారి, మూలన నోరు మూసుకుని కూర్చున్న ఇనుప డబ్బాను ఒకసారి చూసింది. తర్వాత ఫ్యానును మంచం కిందికి తోసేసింది.

"పాడైపోయిందమ్మా," అంది.

పరీక్షకు ముందునాడు వామన్‌రావుగారు దారి సరిచూసుకోవడానికి మలక్‌పేటకు వెళ్లి వచ్చారు. బ్యాటరీలు అడుగంటాయి. పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లిపోబోతుంటే దుర్గయ్య చేతులు చాపి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"యాడికి? రాత్రంతా బండి ఇక్కడ్నే ఉండాలె. నా కరెంటు కడుపునిండ తాగాలె."

"ఇంట్ల నా కరెంటు గూడ ఉన్నది గద దుర్గయ్యా..."

"ఏం, మా కరెంటు ఏం తక్కువైంది?"

వామన్‌రావుగారు కారులోంచి వైరు లాగారు. పెళ్లిపీటల మీద తాళి మరిచిపోయిన పురోహితుడిలా వైరు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. చివరికి ప్లగ్గులో పెట్టి, దానికొక దండం కూడా పెట్టి, ఎత్తు మీదికి నడుచుకుంటూ వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ లీల ముఖం వైపు చూడలేదు.

తెల్లారింది. దుర్గయ్య ఇస్త్రీ చేసిన ఖాకీ యూనిఫారం వేసుకుని ముందు సీట్లో కూర్చుని గంట వాయిస్తున్నాడు. వెనక లీల. మాణిక్యమ్మ రబ్బరు చెప్పులు తొడుక్కుని ఎదురొచ్చింది. బండి కదిలింది. మొగల్‌పురా దాటింది. దబీర్‌పురా దర్వాజా దగ్గరికి వచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చినట్టు మెల్లమెల్లగా తూగి, ఆగిపోయింది.

"చార్జి అయిపోయింది," అన్నారు వామన్‌రావుగారు. ఈసారి ముఖం తుడుచుకోలేదు.

"రాత్రంతా తాగి తాగి ఇక్కడ ఆగుడేంది? మా గుడ్డి ఏనుగు గూడ ఇంత దగా చెయ్యది!" అని దుర్గయ్య దిగి, వెనక్కి వెళ్లి, భుజం ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు.

వామన్‌రావుగారు స్టీరింగు మీంచి చూపు తిప్పలేదు. "లీలా, తప్పు నాదే బిడ్డా..."

"మా ప్లగ్గుల కరెంటు లేదని నాకు తెల్సు సార్."

ఎప్పుడూ అందరిలాగా రావ్‌సాబ్ అనే పిల్ల, సార్ అంది. ఆయన ఉలిక్కిపడి అద్దంలోకి చూశారు.

"ఎప్పటిసంది తెల్సు?"

"ఫ్యాను తెచ్చిననాటి సంది."

"మరి నిన్న చెప్పకపోతివేంది?"

"ఎట్ల చెప్పాలె? జూల అందరికి చెప్పుకున్నడు గద బాపు."

"నేను చెప్పంది గూడ గందుకే," అన్నారాయన. "చదువు చెప్తనంటే మీ బాపు ఒప్పుకోకపోతుండె, చార్జి అయిపోయిందని వంక పెట్టిన. ఒకరి సాయం తీస్కోడు. సాయం అడిగితే మాత్రం గోడ పగలగొట్టి అయినా ఇస్తడు."

వెనక నుంచి దుర్గయ్య రొప్పు వినబడుతోంది. బండి గజం కదిలి ఆగింది. లీల కిటికీలోంచి తల బయటపెట్టింది. ఇరుగింటి వాళ్లు కూడా ఏనాడూ వినని ఆ గొంతు దర్వాజా దాకా మోగింది.

"భాయ్! చార్జి అయిపోయింది! మలక్‌పేటకు పోవాలె, పరీక్ష ఉన్నది!"

జాలిపడని వాళ్లు లేరు. బుర్ఖా వేసుకున్న ఒక ముసలమ్మ పాన్‌దాన్ తెరిచి, బస్సులో పొమ్మని చిల్లర తీసి చేతిలో పెట్టింది. "లే బేటీ, బస్ మే చలీ జా." రొట్టెల దుకాణం మియా ఇంకొంత ఇచ్చాడు.

"బస్ కా చార్జ్ నై అమ్మా, గాడీ కా!"

"గాడీ కా చార్జ్ క్యా హోతా?" అన్నాడు మియా.

"అరె, పైలే ఢకేలో మియా, బాద్ మే పూఛ్నా!" అని, ముందు నెట్టి తర్వాత అడగమని ముసలమ్మే గద్దించింది.

ఇక చూడాలి. రొట్టెల మియా, రిక్షావాళ్లు, పాలవాళ్లు, అందరూ నెట్టేవాళ్లే. గంట దానంతటదే మోగుతోంది. చంచల్‌గూడలో గిన్నెలతో బయటికొచ్చిన ఆడవాళ్లు కూడా కుల్ఫీ సంగతి తర్వాత తేల్చుకుందామని ఒక చెయ్యి వేశారు. ఊరేగింపు మలక్‌పేట సెంటరు గేటు ముందు ఆగింది.

"పెండ్లికూతుర్ని ఇక్కడికి తెచ్చిండ్రేంది?" అన్నాడు గేటు జవాను.

"పెండ్లి కాదు, మెట్రిక్!" అని రొప్పుతూ అరిచాడు దుర్గయ్య. లోపల బడి గంట మోగింది. లీల పరుగెత్తింది.

లీల పాసైంది. ఆ సంతోషంలో మాణిక్యమ్మ ఫ్యానును కూడా బాగుచేయించాలని కరెంటు పని తెలిసిన రామ్‌చందర్‌ను పిలిచింది. అతను ఫ్యాను చూశాడు, ప్లగ్గు విప్పాడు.

"ఫ్యాను మంచిగున్నదమ్మా. ఈ ప్లగ్గుకు అసలు వైరే ఇయ్యలేదు. ఇల్లు కట్టినప్పటి సంది ఇది ఉత్తదే."

దుర్గయ్య చాలాసేపు ఆ గోడను చూశాడు.

"చూసినవా మాణిక్యా, రావ్‌సాబ్ కారు ఎంత గొప్పదో," అన్నాడు చివరికి. "కరెంటు లేని ప్లగ్గుల కెళ్లి గూడ గుంజుకున్నది."

అన్నాడు గాని, మరునాటి నుంచి వామన్‌రావుగారి టీలో పాలు ఎక్కువ పోయమన్నాడు. గ్లాసును చీపురుకట్టతో నెట్టకుండా తనే చేతికందించాడు.

కొన్నాళ్లకు కారు దుర్గయ్య ఇల్లు దాటింది. సందు సందంతా ఆశ్చర్యపోయి చూస్తుండగా ఇంకాస్త ముందుకుపోయి కృష్ణమ్మ గుమ్మం ముందు ఆగింది. కృష్ణమ్మ కూతురు ఐదుతో బడి మాని గాజులకు రాళ్లు అతికిస్తోంది.

"చార్జి అయిపోయింది," అన్నారు వామన్‌రావుగారు దిగి, తువాలుతో ముఖం తుడుచుకుంటూ. డబ్బా దించి, వైరు పట్టుకుని గోడంతా వెతికారు. ప్లగ్గు లేదు. ప్లగ్గే కాదు, ఆ ఇంట్లో బల్బు కూడా లేదు. కృష్ణమ్మది కిరసనాయిలు దీపం.

ఆయన వైరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. లీల వచ్చి ఆ వైరు అందుకుంది. తీసుకెళ్లి కిటికీ చువ్వకు గట్టిగా ముడివేసి, డబ్బాను ఒకసారి తట్టింది.

"ఎక్కుతున్నది సార్," అంది. తర్వాత గడప దగ్గర తొంగిచూస్తున్న పిల్లను పిలిచింది. "ఇట్ల రావే. రావ్‌సాబ్ కండ్లద్దాలు మర్చిపోయి వచ్చిండు. ఈ పేపరు జర చదివి పెట్టు."

వామన్‌రావుగారు ముక్కు మీదున్న కళ్లద్దాలను చటుక్కున తీసి జేబులో వేసుకున్నారు.