బంతి కింద పడితే

చెప్పుల దుకాణం పై అంతస్తులో క్లినిక్ నడిపే పళ్ళ డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో పంచదార డబ్బాకు మూత సరిగా పెట్టకపోయినా చిరాకే, మెట్ల మీద ఎవరైనా ఫోన్లో గట్టిగా మాట్లాడినా చిరాకే. ఆవిడ ఓపికంతా ఆ పళ్ళ కుర్చీ దగ్గరే ఖర్చయిపోతుందనీ, ఇంటికొచ్చేసరికి అడుగూ బొడుగూ కూడా మిగలదనీ భర్త వేళాకోళం చేస్తుంటాడు. ఆ మాట నిజమేనని ఆవిడా ఒప్పుకుంటుంది. కాకపోతే అదీ చిరాగ్గానే ఒప్పుకుంటుంది.

పొద్దుటిపూట అందరిలాంటి రోగులే వస్తారు. వారంలో ఒక మధ్యాహ్నం మాత్రం వేరు. ఆ పూట బయటి గదిలో టీవీ కట్టేస్తారు, కుర్చీ మీది పెద్ద దీపాన్ని గోడవైపు తిప్పేస్తారు, ఫోన్లన్నీ సొరుగులో పడేస్తారు. అప్పుడు వచ్చేవాళ్ళు మాటలు రాని పిల్లలు, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు, చిన్న చప్పుడైతే చెవులు మూసుకుని నేల మీద చతికిలబడే పిల్లలు. ఏదో గొప్ప ఆశయంతో ఆవిడ ఈ పనికి దిగిందనుకుంటే పొరపాటే. ఒకప్పుడు ఎవరో డాక్టరు ఒక పిల్లాడితో వేగలేక, చేతులెత్తేసి, ఆవిడ దగ్గరికి తోలేశాడు. ఆ పిల్లాడు ఏ కళనున్నాడో గానీ బుద్ధిగా నోరు తెరిచాడు. ఆ కబురు నలుగురికీ పాకి, ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చిపడ్డారు. మొహమాటానికి ఒప్పుకున్న పని మెడకు చుట్టుకుని, చివరికి అదే ఆవిడ పనైంది.

ఆ మధ్యాహ్నాలకు కొన్ని పద్ధతులున్నాయి. కొత్తగా వచ్చిన పిల్లలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవచ్చు. మరోసారి కుర్చీ ఎక్కి దిగొచ్చు. ఇంకోసారి చేతి అద్దం పట్టుకుని దానిలో తమ మొహమే చూసుకుని వెళ్ళొచ్చు. "ఏం నొప్పెయ్యదు" అనే మాట ఆ గదిలో ఎవరి నోటా రాకూడదు. నొప్పి ఉంటే ఉంటుందనే చెప్పాలి. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఏమిటంటే, ఆపమనే హక్కు పిల్లలది. చెయ్యెత్తితే చాలు, పని ఆగిపోతుంది.

చిట్టి దగ్గర ఈ చెయ్యెత్తడం కుదరలేదు. చిట్టికి తొమ్మిదేళ్ళు. ఎదుగుదల నిదానం, మాటలు లేవు, పుట్టుకతోనే గుండెలో లోపం. చేతులు మాత్రం కుదురుగా ఉండవు. సంతోషం వచ్చినా, భయం వేసినా, ఏమీ తోచకపోయినా గాల్లో తపతపా ఆడుతూనే ఉంటాయి. వాటిలో ఏది "ఆపు" అన్నట్టో కన్నతల్లికే తెలీదు. అందుకని డాక్టరమ్మ ఆ పిల్ల చేతిలో మెత్తటి బంతి ఒకటి పెట్టింది. బంతి చేతిలో ఉన్నంతసేపూ పని. కింద పడిందా, డాక్టరమ్మ చేతులు నోట్లోంచి బయటికొచ్చేయాలి. జారిపడిందా, కావాలని వదిలిందా అన్న విచారణ లేదు.

చిట్టికి ఆ సంగతి ఒక్కసారికే అర్థమైంది. అర్థమైనందుకు గుర్తుగా ఒక మధ్యాహ్నమంతా బంతి వదలడం, పెద్దవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి జరగడం చూసి కిలకిలా నవ్వడం, ఇదే పని. ఇంత పెద్ద మనుషుల్ని వేలికొసన ఆడించే అవకాశం వస్తే ఎవరు మాత్రం వదులుకుంటారు? సరదా తీరాక బంతిని గట్టిగా పట్టుకుని నోరు తెరవడం మొదలుపెట్టింది. బట్టలు కుట్టి సంసారం నెట్టుకొచ్చే వాళ్ళమ్మ ఆ రోజు మెట్లు దిగుతూ ఎవరో తెలియని మనిషిని పలకరించి మరీ ఈ సంగతి చెప్పింది.

పొరపాటు జరిగింది చిట్టి కుడివైపు పన్నులో పుచ్చు తీసి సిమెంటు నింపిన రోజున. పని ముప్పావు వంతు అయిపోయింది. సిమెంటు పెట్టి నొక్కడమే తరువాయి, ఇంతలో బంతి కింద పడింది.

డాక్టరమ్మకు మొదటినుంచీ తోడున్న సిస్టరు ఒకావిడ ఉంది. ఆవిడకు శుభ్రం పిచ్చి. దూదిపింజ నేల మీద పడితే అది ఆగేలోపే ఎత్తేస్తుంది. ఆ చెయ్యి అలవాటుగా కిందికి పోయింది, బంతిని తీసింది, మందునీళ్ళతో తుడిచింది, చిట్టి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. డాక్టరమ్మ అదంతా కళ్ళారా చూసింది. ఇప్పుడు ఆపితే ఉమ్ము తగిలి సిమెంటు పాడవుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. రెండు క్షణాల్లో అయిపోతుంది కదా అనుకుంది. బంతి చేతిలోనే ఉంది కదా అని కూడా అనుకుంది. పని ముద్దుగా కుదిరింది. సిస్టరు మెచ్చుకుంది, తల్లి దణ్ణం పెట్టింది. చిట్టి మాత్రం ఎవరివంకా చూడకుండా కుర్చీ దిగింది.

తర్వాతిసారి చిట్టి లోపలికొచ్చి, బంతి అందుకుని, నేరుగా వెళ్ళి చెత్తబుట్టలో వేసింది. పెదాలు బిగించి గోడవైపు తిరిగి నిలబడింది. ఎన్ని తంటాలు పడ్డా నోరు విప్పలేదు. ఇంట్లో బ్రష్షు కూడా దగ్గరికి రానివ్వడం లేదని తల్లి చెప్పింది. డాక్టరమ్మ మొదట సిస్టరు మీద మండిపడింది, ఎవరు తియ్యమన్నారు నిన్ను అంది. సిస్టరు పళ్ళెం కడగడానికి పోయింది. సాయంత్రం తలుపులు వేస్తున్నప్పుడు మాత్రం, తీసింది తనే గానీ ఆపనిది తను కాదని నెమ్మదిగా అంది. డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. మండినంతసేపు మండి, ఆ మాటలో అబద్ధమేమీ లేదని తేలాక, తాళం తనే వేసింది.

కొన్నాళ్ళకు ఎడమవైపు పాల పన్ను చీము పట్టి బుగ్గ పొంగింది. చిట్టి ఆ బుగ్గ మీద తనే పిడికిలితో గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఇలా గుద్దుకునే పిల్ల పక్కనుంటే మిగతావాళ్ళు బెదురుతున్నారు, తగ్గేదాకా పంపొద్దని బడివాళ్ళు కబురు చేశారు. మందులతో వాపు తీసింది గానీ, పన్ను ఉన్నంతకాలం అది మళ్ళీ రాక మానదు. తీసెయ్యాల్సిందే. నోరు తెరవని పిల్లకు పన్ను తీయాలంటే పెద్దాసుపత్రిలో ఒళ్ళంతా మత్తిచ్చి తీయాలి. ఆ గుండెకు అంత మత్తు మంచిది కాదని గుండె డాక్టరు ముందే చెప్పాడు. కుర్చీలో ఇంకో ప్రయత్నం చెయ్యండి, కుదరకపోతే మాత్రం ఆలస్యం చెయ్యొద్దని, పెద్దాసుపత్రిలో ఒక తేదీ కూడా పెట్టించాడు. ఆ తేదీకి ముందు మిగిలినవి రెండే మధ్యాహ్నాలు.

చిట్టి తల్లి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం బల్ల అంచు పట్టుకుని నిలబడి అంది.

"చంటిపిల్లప్పుడు గుండె ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు మేడమ్. ఆ తలుపు బయట ఒకసారి కూర్చున్నాను. ఇంకోసారి కూర్చునే ఓపిక నాకు లేదు."

డాక్టరమ్మ ఏ హామీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఏమీ లేదు కూడా.

మొదటి మధ్యాహ్నానికి ఆవిడ ఒక ఉపాయం ఆలోచించింది. తనే రోగిలా కుర్చీలో పడుకుంటుంది, చిట్టి డాక్టరు. తను బంతి వదులుతుంది, చిట్టి ఆపుతుంది, ఆ రకంగా పిల్లకు బంతి మీద మళ్ళీ నమ్మకం కుదురుతుంది. లెక్క చక్కగా ఉంది. చక్కటి లెక్కల్లో ఉండే చిక్కేమిటో ఆవిడకు ఈ పాటికే తెలిసుండాల్సింది.

చిట్టి ఆట మొదలవగానే హుషారుగా ముక్కాలి పీట ఎక్కింది. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం పుచ్చుకుని డాక్టరమ్మ నోట్లోకి వంగింది. వంగి, అద్దాన్ని కొండనాలుక దాకా తోసింది. డాక్టరమ్మకు నిజంగానే డోకొచ్చింది. ఆట కోసం వదలాల్సిన బంతి ఆట లేకుండానే చేజారిపోయింది.

చిట్టి ఆగి, కిందికి చూసింది. పీట దిగి బంతి తీసింది. సిస్టరు తుడిచినట్టే తన గౌనుకేసి తుడిచింది. డాక్టరమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ మూసి, మళ్ళీ పీటెక్కి అద్దం లోపలికి తోసింది.

సిస్టరు ముందుకొచ్చింది. డాక్టరమ్మ వద్దని కళ్ళతోనే సైగ చేసింది. ఇంకోసారి బంతి వదిలింది, ఇంకోసారి అది చేతిలోకొచ్చింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా, దవడ లాగేస్తున్నా అలాగే నోరు తెరుచుకుని పడుకుంది. ఆపమని చెప్పిన చేతికి మళ్ళీ బంతి అందిస్తే ఎలా ఉంటుందో, ఇన్నేళ్ళుగా ఆ కుర్చీ పక్కన నిలబడ్డ ఆవిడకు ఆ కుర్చీలో పడుకున్నాకే తెలిసింది. సిగ్గేసింది. చిన్నప్పుడెప్పుడో తప్ప అంత సిగ్గు ఆవిడకు వేయలేదు.

చిట్టికి విసుగు పుట్టి అద్దం తీశాక, డాక్టరమ్మ లేచి కూర్చుని నోరు తుడుచుకుంది.

"నువ్వు ఆపమన్నావు. నేను ఆపలేదు. తప్పు నాది, చిట్టీ."

చిట్టి ఫ్యాను వంక చూస్తూ చేతులు ఆడించింది. విన్నదో లేదో తెలీదు. కుర్చీ మాత్రం ఎక్కలేదు. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రెండో మధ్యాహ్నం వచ్చింది. ఇదీ పోతే ఇక పెద్దాసుపత్రే. డాక్టరమ్మ ఆ రోజు మిగతా పిల్లలెవ్వర్నీ రమ్మనలేదు. ఇంటి దగ్గర టీ చల్లారిందని భర్తతో పేచీ పెట్టుకుని మరీ వచ్చింది. గుండెలో లోపం ఉన్న పిల్లకు ముందుగా వెయ్యాల్సిన మందు తల్లి ఇంటి దగ్గరే వేసింది. చిట్టి గుమ్మంలో చాలాసేపు నిలబడింది, ఆ తర్వాత వచ్చి కుర్చీ ఎక్కింది. చెయ్యి చాపింది. సిస్టరు బంతి ఇచ్చింది.

నోరు తెరవడానికి అరపూట పట్టింది. బంతి పడుతూనే ఉంది, డాక్టరమ్మ చేతులు బయటికొస్తూనే ఉన్నాయి, బంతిని చిట్టే తెచ్చుకుంటోంది. చిగురు మొద్దుబారే మందు రాసినప్పుడు పడింది. సూది చూపించి, ఇది నొప్పెడుతుంది, కాసేపే ఉంటుంది అని చెప్పినప్పుడు పడింది. సూది గుచ్చినప్పుడు ఎందుకో పడలేదు. తల్లి కుర్చీ చివర నిలబడి కూతురి పాదాల మీద చేతులుంచింది. పంటి బిగువున ఏడుపు ఆపుకుంటోందని చూసినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది.

డాక్టరమ్మ పట్టకారుతో పన్ను పట్టుకుంది. పాల పన్నే, పెద్ద మొండితనం లేదు. అటూ ఇటూ కదిలించేసరికి వదులైంది. ఒక పక్క చిగురుకి మాత్రం వేలాడుతోంది. ఒక్క తిప్పు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది.

బంతి కింద పడింది. దొర్లుకుంటూ వెళ్ళి పనిముట్ల బీరువా కిందికి దూరింది.

ఏ పళ్ళ డాక్టరైనా ఆ ఒక్క తిప్పూ తిప్పేస్తాడు. డాక్టరమ్మ చెయ్యి కూడా తిప్పడానికే చూసింది. ఇప్పుడు ఆపితే చిట్టి నోరు మూసుకుని కుర్చీ దిగిపోవచ్చు, సగం ఊడిన పన్నుతో పెద్దాసుపత్రికి పోవాల్సి రావచ్చు, ఆ తల్లి మళ్ళీ ఆ తలుపు బయట కూర్చోవాల్సి రావచ్చు. ఇవన్నీ ఆవిడకు తెలుసు. పట్టకారు వదులు చేసి బయటికి తీసింది. పళ్ళెంలో పెట్టింది. రెండు చేతులూ చిట్టికి కనిపించేట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆపేశాను తల్లీ."

సిస్టరు అలవాటుగా బీరువావైపు సగం వంగి, ఉలిక్కిపడి నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుంది. తల్లి కళ్ళు మూసుకుంది. కిందనుంచి ఎవరో చెప్పులు బేరమాడుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

చిట్టి లేచి కూర్చుంది. అందరి మొహాలూ చూసింది. మెడలో కాగితపు తువ్వాలు వేలాడుతుండగా కుర్చీ దిగింది. ఎవరూ కదల్లేదు. నేల మీద బోర్లా పడుకుని బీరువా కిందికి చెయ్యి పోనిచ్చింది, అందకపోతే భుజం దాకా దూర్చింది, దుమ్ము పట్టిన బంతిని బయటికి లాగింది. దాన్ని గౌనుకేసి తుడుచుకుంది. మళ్ళీ కుర్చీ ఎక్కి వెనక్కి వాలింది. బంతిని గుప్పిట్లో బిగించి నోరు తెరిచింది.

డాక్టరమ్మ పట్టకారు అందుకుంది గానీ ఏమీ కనబడలేదు, కళ్ళజోడు మసకబారిపోయింది. ఆవిడ దాన్ని తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేదాకా చిట్టి నోరు తెరుచుకునే ఉంది.