నీళ్లు చల్లిన మిరపకాయలు

ప్రత్తిపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో యలమందయ్య మాస్టారు ఇరవై ఆరేళ్లుగా సైన్సు చెబుతున్నారు. ఆయన పద్ధతి ఊరందరికీ తెలిసిందే. బోర్డు మీద ప్రశ్న, కింద జవాబు, జవాబు కింద గీత. ప్రాక్టికల్ రికార్డులో ఫలితం కూడా ముందే రాయించేసేవారు. ఆ నోట్సు చదివే కొందరు నర్సులయ్యారు, ఇద్దరు బ్యాంకుల్లో కుదిరారు. ఎవరూ ఎప్పుడూ వేలెత్తి చూపలేదు.

నిరుడు జూన్‌లో యాజమాన్యం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంటర్నేషనల్ సిలబస్ పెట్టింది. కొత్త పుస్తకం ఆసాంతం తిరగేశారాయన. వెనక జవాబుల్లేవు. పిల్లలే ప్రశ్న వేసుకోవాలి, ఏం జరుగుతుందో ఊహించాలి, చేసి చూడాలి, ఊహ తప్పితే ఎందుకు తప్పిందో రాయాలి. తప్పినందుకు మార్కులు పోవట! పాత మాస్టర్లు ఒక్కొక్కరూ ట్రైనర్ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. మెప్పించలేకపోతే ఇక తరగతి ఉండదు, హాస్టల్ చూసుకోవాలి. యాభై నాలుగేళ్ల వయసులో సుద్దముక్క వదిలేసి పిల్లల దుప్పట్లు సర్దిస్తూ తిరగడం తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఫిబ్రవరిలో ఆయన వంతు వచ్చింది. కళ్లాల నిండా మిరపకాయలు ఆరుతున్న రోజులు కాబట్టి వాటినే తీసుకున్నారు. పిల్లల్లో మట్టి కళ్లంలో ఎండినవి ఖలీల్ తెచ్చాడు, టార్పాలిన్ పట్టా మీద ఎండినవి శ్రీరమ్య తెచ్చింది. చెరో రెండు వందల గ్రాములు తూచి, మేడ మీద ఎండలో పెట్టారు. పట్టా మీదవి బాగా ఎండి ఉంటాయి గనుక వాటి బరువు తక్కువ తగ్గుతుందని మాస్టారి లెక్క. పాత అలవాటు ఊరుకోనిస్తుందా? మర్నాడే పిల్లలందరి చేతా ఆ ముక్క 'ఫలితం' కింద రాయించేశారు.

మూడో రోజు ట్రైనర్ జ్యోతిర్మయి మేడమ్ విజయవాడ నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు తూచారు. ఖలీల్ కాయలు ఐదు గ్రాములు తగ్గాయి. శ్రీరమ్యవి పద్దెనిమిది.

"మళ్లీ తూచండి," అన్నారు మాస్టారు. మళ్లీ పద్దెనిమిదే.

"మీవి పచ్చికాయలే!" అని నవ్వాడు ఖలీల్.

"పచ్చివేం కాదురా! గలగలమంటూ ఎండాయి. బస్తాలు తొక్కేటప్పుడు విరక్కుండా మా నాన్న నీళ్లు చల్లాడు. నేను బస్తాలోంచి తెచ్చా." శ్రీరమ్య గొంతు తగ్గింది. "సార్, నోట్సులో ఉన్నట్టే ఉంచెయ్యమంటారా?"

మాస్టారు వెనక బెంచీ వైపు చూశారు. ఊఁ అంటే చాలు, గంట గడిచిపోతుంది. కానీ చెయ్యని తప్పుకి ఆ పిల్ల తల వంచుకుని ఉంది.

"కొట్టెయ్యండి. చూడకుండా రాయించాను, తప్పు నాది," అన్నారాయన. తరగతిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఇప్పుడేం చేద్దామో మీరే చెప్పండి. నాకూ తెలీదు."

అంతే, తరగతి తేనెతుట్టె కదిలినట్టయింది. నీళ్లు తగలని కాయలు కావాలని ఒకరు, చల్లినవీ చల్లనివీ పక్కపక్కన పెడదామని ఇంకొకరు. గంట కొట్టినా ఎవరూ పట్టించుకోలేదు.

వెళ్తూ వెళ్తూ మేడమ్ గుమ్మం దగ్గర ఆగారు. "మాస్టారూ, ముందే రాయించిన సంగతి నేను రిపోర్టులో రాయాలి. మీరు కొట్టేయించిన సంగతీ రాస్తాను. తరగతి మీదేనండి. ఫలితం వచ్చాక నాకూ చెప్పండి."

ఆ సాయంత్రం శ్రీరమ్య తండ్రి శ్రీకృష్ణ బండి మీద స్కూలుకి వచ్చాడు. అతనూ ఈయన శిష్యుడే.

"ఏంటి మాస్టారూ! మా రోజుల్లో నోట్సిచ్చి వదిలేసేవారు. ఇప్పుడేమో మా కళ్లం గుట్టంతా బోర్డెక్కిస్తున్నారంట! నీళ్లు చల్లనోడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడండీ?" అంటూనే సంచి ఒకటి దించాడు. "ఇయ్యి చల్లనివి. మా అమ్మాయి నన్ను కూర్చోనిస్తేగా!"



"నీ కూతురు ఇవాళ నన్ను నిలబెట్టిందిరా, కృష్ణా," అన్నారు మాస్టారు.

"పోనీలెండి. మా రోజుల్లో మీరే మమ్మల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టేవారు," అని పకపకా నవ్వాడతను.

మాస్టారూ నవ్వారు. ఇన్నేళ్లలో తన నోట్సు దాటి అడగాలనుకుని అడగలేకపోయిన పిల్లలు ఎందరున్నారో అనిపించింది ఆయనకి. ఈ ఒక్క పిల్ల అడిగింది, అదే పదివేలు అనుకున్నారు. సంచి తీసుకుని, తాళం వెయ్యబోతున్న ల్యాబు వైపు గబగబా నడిచారు.