అన్నిటికీ పనికొచ్చే బండి

"పెళ్ళాం ఒక్కతి, బండి ఒక్కటి. మనిషికి అంతకన్నా అక్కర్లేదని ఈ నోటితోనే కదా ఊరందరికీ చెప్పాను?" అన్నాడు లిఫ్టు మెకానిక్కు, కుడికాలు స్టూలు మీదికి చాపుకుని.

"బండినైతే రోజూ తుడిచేవారు," అంది వంటగదిలోంచి ఆయన భార్య.

ఆయన నవ్వలేదు. మోకాలికి చుట్టిన కట్టు తడుముకుంటూ, "ఇప్పుడా మాట పట్టుకునే మా బావమరిది సాయంత్రం షోరూముకి పోతున్నాడు. ఇలాంటిదే కొంటాడట. వద్దని చెప్పాలి. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?" అన్నాడు.

పక్కింటివాణ్ణి గనక ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. మొదట్లో ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని సైకిలు మీద తిరిగేవాడు. తర్వాత మోపెడ్, ఆ తర్వాత పాత స్కూటరు. వీధుల్లో వాన నీళ్ళు నిలిస్తే స్కూటరు మొరాయించేది. దూరం పోతే నడుము విరిగేది. భార్యను ఎక్కించుకుంటే పనిముట్లకు చోటుండేది కాదు. ఇన్ని రోగాలకూ ఒకటే మందు అనుకుని కొన్నదే ఈ ఏనుగు. గతుకులకూ గుట్టలకూ దూరప్రయాణాలకూ చేసిన రకం మోటారుసైకిలు. ఎత్తైన సీటు, ముందు గాలి ఆపే అద్దం, వెనక అటొకటీ ఇటొకటీ ఇనుప పెట్టెలు. వీధివాళ్ళు ఆయనకు 'అంబారీ' అని పేరు పెట్టారు. ఆ పేరు వినపడినప్పుడల్లా ఆయన వెన్ను ఇంకాస్త నిటారుగా నిలిచేది.

సెలూను ముందు ఆయన వాదన వినాలి. "బురదలో పోతుంది, హైవేలో పోతుంది. ఇద్దర్ని మోస్తుంది, ఇంటెడు సామాను మోస్తుంది. ఇంకేం కావాలయ్యా మీకు?"

"కూరల సంచి తగిలించుకోడానికి కొక్కెం ఉందా అన్నా?" అనేవాడు సెలూనతను, ఎవరి గడ్డానికో సబ్బు పూస్తూ.

ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆయన అంత పొడగరి కాదు. బండి ఆపితే మునివేళ్ళు మాత్రమే నేలకు తగిలేవి. ఎక్కడ ఫుట్‌పాత్ అంచు ఎత్తుగా ఉంటుందో, ఏ సిగ్నల్ పక్కన కాలు మోపడానికి రాయి దొరుకుతుందో మనసులో పెట్టుకుని, దగ్గరి దారి మానేసి చుట్టూ తిరిగి పోయేవాడు. "ఈయన దారి చూసి నడపరు, అరుగులు చూసి నడుపుతారు" అని భార్య ఎప్పుడో కనిపెట్టింది గానీ, గడప దాటి ఆ మాట అనలేదు. కొండల కోసం కొన్న బండి కొండెక్కింది ఒక్కసారే. తక్కిన రోజులన్నీ లిఫ్టులున్న చోటికి, అంటే అపార్టుమెంట్ల సెల్లార్లకే.

ఈ ఉదయమూ అలాంటి చోటికే వెళ్ళాడు. లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయిందనీ, లోపల ఒక పెద్దావిడ ఉందనీ వాచ్‌మన్ ఫోను చేశాడు. వెళ్ళేసరికి గేటు ముందు సామాన్ల వ్యాను అడ్డంగా ఉంది. బండి సెల్లారులో పెట్టమన్నారు. ర్యాంపు నిండా కార్లు కడిగిన నీళ్ళు. సగం దిగాడో లేదో, కిందినుంచి ఒక కారు ఎదురొచ్చింది. ఆయన బ్రేకు వేసి కాలు దించబోయాడు. వాలు మీద నేల ఇంకా లోతున ఉంది. వేళ్ళు వెతుక్కున్నాయి. నేల అందలేదు.

"పడిందనకు. కూచుంది. ఏనుగు కూచున్నట్టు, నిదానంగా నా మీద కూచుంది," అన్నాడు నాతో.

మోకాలు పక్కపెట్టె కింద ఇరుక్కుంది. పనిముట్లూ, లిఫ్టు తలుపు తీసే తాళంచెవీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. కారాయన దిగొచ్చాడు. ఒకరు ఇంజను ఆపమన్నారు, ఒకరు కాలు కదపొద్దన్నారు. ఇంకొకాయన వంగి చూసి, "భలే ఉందండీ బండి. మైలేజీ ఎంతిస్తుంది?" అని అడిగాడు.

వాచ్‌మన్ మెట్లెక్కి పైకి పరిగెత్తి, లిఫ్టు తలుపు దగ్గర నోరు పెట్టి అరిచాడు. "అమ్మా, కంగారు పడకండి! మెకానిక్కు వచ్చేశాడు. కాకపోతే బండి కింద ఇరుక్కున్నాడు!"

ఆవిడ గొంతు సెల్లారు దాకా వినిపించింది. "అయ్యో, ముందాయన్ని తియ్యండి బాబూ! నేను సంచీ మీద కూచునే ఉన్నాను, నాకేం?"

ఇన్నేళ్ళలో ఆ ఇనుప గదుల్లోంచి ఎంతమందిని బయటికి తీశాడో లెక్కలేదు. లోపల ఏడ్చేవాళ్ళకు బయట నిలబడి ధైర్యం చెప్పేది ఆయన. ఇవాళ ఆ ధైర్యం లోపలినుంచి ఆయనకు వచ్చింది.

నలుగురూ కలిసి బండి లేపారు. ఆయన కుంటుకుంటూ పైకెళ్ళి తలుపు తీశాడు. పెద్దావిడ దిగీ దిగగానే ఆయన మోకాలు చూసింది.

"ఎందుకు నాయనా అంత పెద్ద బండి? చిన్నవి అమ్మటం లేదా?"

"అన్నిటికీ పనికొస్తుందమ్మా," అన్నాడు ఈయన.

"అలవాటుకొద్దీ వచ్చేసింది నోట్లోంచి," అని నాతో అంటూ ఆయన తల దించుకున్నాడు. "వాచ్‌మన్ గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు ఊగుతున్నాయి. పాపం, నా మొహం మీద నవ్వకూడదని."

సిగ్గు అక్కడితో తీరినా బాగుండేది. మధ్యాహ్నం బావమరిది ఫోను చేశాడు. అతను మందుల షాపులకు పెట్టెలు చేరవేస్తాడు. ఇరుకు సందులు, అడుగడుగునా ఆగే పని. మనిషి బావకన్నా పొట్టి. అక్క పెళ్ళయినప్పటినుంచీ అతనికి బావ మాట వేదవాక్కు.

"బావా, స్కూటరు అమ్మేస్తున్నా. నీ బండే, నీ రంగే! నువ్వూ వస్తావా?"

"నాకు పనుంది. నువ్వెళ్ళి తీసేసుకో," అన్నాడు ఈయన, విరక్కుండా బతికిపోయిన మోకాలు తడుముకుంటూ.

అప్పుడు భార్య కట్టు కడుతోంది. ఆ మాట విని ముడి కాస్త గట్టిగా బిగించింది.

"నువ్వైనా చెప్పొచ్చు కదే వాడికి," అన్నాడు ఇప్పుడు.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "నేను చెబితే, అక్కకి బండంటే గిట్టదంటాడు. పడ్డందుకు సిగ్గుపడకండి. పడనివాళ్ళెవరు? వాడూ పడతాడని తెలిసీ తీసుకోమన్నారు చూడండి, సిగ్గు దానికి పడండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫోను తీశాడు, మళ్ళీ పెట్టేశాడు.

"బండిని అనకూడదు. ఎక్కడికైనా పోతుంది. నా పనేమో ఆగడం, కాలు మోపడం. వాడిదీ అంతే." తర్వాత నా వైపు తిరిగాడు. "ఫోను చేస్తే నా నోరు మళ్ళీ పొగుడుతుంది. దీన్ని నమ్మలేను. నువ్వెళ్ళు. వాడు సంతకం పెట్టకముందే పట్టుకో. ర్యాంపు సంగతి చెప్పు. పెద్దావిడ అన్నది చెప్పు. మధ్యాహ్నం నేను ఆడిన అబద్ధం కూడా చెప్పు."

"దెబ్బ నొప్పిలో ఏదో అన్నారని..." అని నేను సర్దబోయాను.

"అదిగో, అదే వద్దంటున్నా! చెప్పేటప్పుడు నా పరువు కాపాడకు. లే, చెప్పులేసుకో."