సీసాలక్క రక్తంలో లేనిది

ఆమె పని సీసాలు కడగడం. టీకాలు తయారుచేసే సంస్థలో, మెట్ల కింది గదిలో, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని గాజు సీసాలు తళతళలాడేలా తోముతుంది. అందుకే అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆమె సీసాలక్క. ఊళ్లోవాళ్ల కోసం సీసాలు తోమే ఈ మనిషి ఇంట్లో తన గ్లాసు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తన కంచం వేరు, తన తువ్వాలు వేరు. పక్కింటి పసిపిల్ల ఎత్తుకోమని చేతులు చాస్తే వెనక్కి తగ్గేది. "నాకు పిల్లలంటే పడదులెండి" అనేసేది. అంతకన్నా పెద్ద అబద్ధం ఆ వీధిలో ఎవరూ ఆడి ఉండరు.

ఆమెకు ఒక పాప పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. ముందు పాలు తాగడం మానేసింది, తర్వాత ఒంటి నిండా చిన్న చిన్న నీటి పొక్కులు, ఆ తర్వాత మూర్ఛలు. హెర్పిస్ అనే వైరస్ అన్నారు ఆసుపత్రిలో. పెద్దవాళ్లకు పెదవి మీద పొక్కు తెప్పించి ఊరుకునేదే, పసిగుడ్డుకు సోకితే ప్రాణం తీస్తుందట. "మామూలుగా తల్లి నుంచే వస్తుంది," అన్నాడు డ్యూటీ డాక్టరు గడియారం చూసుకుంటూ. ఆమెకు పరీక్ష చేసింది లేదు, ఇంకెవరికీ చేసింది లేదు. మహానుభావుడు, ఆ ఒక్క మాట అనేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం ఆమె వెంట ఇంటికొచ్చి కూర్చుంది.

అప్పటినుంచి కుళాయి తిప్పితే నీళ్ల చప్పుడులో పాప ఏడుపు వినిపించేది. కట్టేస్తే ఆగిపోయేది. ఆమె కట్టేసి, చెవి ఒగ్గి విని, మళ్లీ తిప్పేది. భర్త ఇంకో బిడ్డ ఊసెత్తితే అటు తిరిగి పడుకునేది. ఆమెకు తన ఒళ్లంటేనే భయం.

ఆ రోజుల్లో ఆమెను కడుపులో పెట్టుకుని చూసుకున్నది అత్తగారే. "ఊరుకోవే పిల్లా, నువ్వేమన్నా కావాలని చేశావా?" అని తల నిమిరేది. వచ్చిన చుట్టాలందరికీ కళ్లొత్తుకుంటూ చెప్పేది: "దాని ఒంట్లోనే ఉందట ఆ జబ్బు. పాపం, అదేం చేస్తుంది?" జాలితోనే చెప్పింది. జాలిగానే ఊరంతా చాటింది.

ఈమధ్య ఆ సంస్థలోనే హెర్పిస్‌కు టీకా తయారైంది. పరీక్షించడానికి ఆడవాళ్లు కావాలన్నారు. పెద్ద మేడమ్ పనివాళ్లను కూర్చోబెట్టి చెప్పింది: "ఇందులో వైరస్ ఉండదు. దాని పైపొర మీది ప్రొటీన్ ఒక్కటి విడదీసి, శుద్ధిచేసి ఇస్తాం. కుక్కకు దొంగ చొక్కా వాసన చూపిస్తారే, అలాగన్నమాట. రేపు నిజం దొంగ వస్తే ఒళ్లు గుర్తుపట్టాలి. పడుతుందో లేదో ఇంకా చూడాలి. ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్లను మాత్రం తీసుకోం."

సీసాలక్క రక్తం ఇచ్చింది. తీసుకుంటారని కాదు. 'నీలోనే ఉంది' అని ఎవరైనా మొహం మీద చెప్పేస్తే, శిక్ష పడ్డ మనిషిలా కుదుటపడదామని.

"ఉన్నవాళ్లని తీసుకోరంటున్నావు, మరి నీకెందుకే ఈ యాతన?" అంది అత్తగారు.

వారం తిరిగాక నర్సు పిలిచింది.

"అక్కా, నీకు లేదు."

"ఏది లేదు?"

"వైరస్. ఎప్పుడూ సోకినట్టే లేదు. ఒకటికి రెండుసార్లు చూశారు. సోమవారం రా, మొదటి సూది వేస్తాం."

సీసాలక్క నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తన నుంచి కాకపోతే మరి ఎవరి నుంచి?

జవాబు వెతకాల్సిన పని లేకపోయింది. పాపను ఇంటికి తెచ్చిన రోజు అత్తగారి కింది పెదవి మీద పొక్కు ఉంది. "ఒళ్లు వేడి చేసిందిలే" అని ఆవిడ అంటే, సీసాలక్కే దూదితో మందు రాసింది. ఆ తర్వాతే అత్తగారు పాపను ఎత్తుకుని, బుగ్గలూ కళ్లూ మూతీ వదలకుండా ముద్దులాడింది. తానేమో మంచం మీద కూర్చుని మురిసిపోతూ చూసింది.

సోమవారం దాకా ఆమెకు తిండి సయించలేదు. సూది వేయించుకుంటే ఇంట్లో తెలిసిపోతుంది. ఎవరికి వేస్తారో, ఎవరికి వేయరో అత్తగారికి తెలుసు. వేయించుకోకపోతే, ఇక ఎప్పటికీ పాపను పొట్టన పెట్టుకున్నది తనే. నర్సు గది తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. త్యాగాలు చేసేవాళ్లు చేసుకోనీ, ఆమెకు ఇంకో బిడ్డ కావాలి, ఆ బిడ్డకు తన ఒళ్లు కాపలా కాయాలి. జాకెట్టు చేయి పైకి లాగింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తగారు కూరగాయలు తరుగుతోంది. కోడలి చేతి మీద అంటించిన దూది చూసింది.

"అదేమిటే?"

"సూది వేశారత్తయ్యా."

కత్తి ఆగింది. అత్తగారి చెయ్యి మెల్లగా పెదవి దగ్గరికి వెళ్లింది.

"పాపను ఇంటికి తెచ్చిన రోజు... నాకిక్కడ పొక్కుంది కదే?"

చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. సీసాలక్క గుండె చెరువైపోయింది. ఇన్నాళ్లూ తల నిమిరిన చెయ్యి అది.

"గుర్తులేదత్తయ్యా," అంది.

మర్నాడు పొద్దున్న తన గ్లాసును అందరి గ్లాసుల్లో కలిపేద్దామని వంటింట్లోకి వెళ్లింది. అరలో ఓ మూలన అత్తగారి గ్లాసు విడిగా బోర్లించి ఉంది. అత్తగారు తొట్టి దగ్గర నిలబడి, కుళాయి కట్టేసి, వింటోంది.